ముసలి బండికి పూచీ

మా ఇంట్లో నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు గానీ, మా ట్రక్కు ఆరోగ్యం గురించి మాత్రం వారానికి రెండుసార్లు ఫోను వచ్చేది. అదీ సరిగ్గా నేను పోపు పెట్టే వేళకే మోగేది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. అవతల ఓ అమ్మాయి గొంతు, తేనె పూసినట్టుండేది సుమండీ! మీ బండి వారంటీ అయిపోవచ్చింది, ఎన్నిసార్లు కబురు చేసినా మీరు పలకడం లేదు, ఇదే ఆఖరి అవకాశం అనేది. మొదటిసారి నేను నిజంగానే కంగారుపడి "అయ్యో, ఇప్పుడేం చేయమంటావమ్మా?" అన్నాను కూడా. నా ప్రశ్న వినిపించుకోకుండా ఆ పిల్ల తన పాఠం తాను వల్లించుకుపోయింది. అది మనిషి కాదనీ, మర మాట్లాడుతోందనీ మా అమ్మాయి వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఈలోగా ఆవాలు మాడిపోయాయి.

తర్వాత తెలిసింది, ఈ ఫోన్లు మా ఒక్క ఇంటికే కాదు, ఈ అమెరికాలో ఊరూరా వస్తున్నాయని. కార్లు లేనివాళ్లకి కూడా! 2022 జులైలో ఇక్కడి టెలిఫోన్ల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఈ రకం ఫోన్లను అడ్డుకోండని కంపెనీలకి ఆజ్ఞ వేసింది. ఆ మరుసటి ఏడు ఆగస్టులో ఒక ముఠాకి దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా కూడా వేసింది. 2021లో మూడంటే మూడు నెలల్లో ఆ ముఠా చేసిన ఫోన్లు 500 కోట్ల పైచిలుకట. అందులో మా ఇంటి ఆవాల పద్దు ఎంతో మాత్రం తేలలేదు.

అంచేత, 2024 ఆగస్టులో అదే మాట ఉత్తరం రూపంలో వచ్చినప్పుడు నేను దాన్ని చెత్తబుట్టలో పడేయబోయాను. మావారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"అది దొంగ ఉత్తరం కాదోయ్. మనం బండి కొన్న చోటి నుంచే వచ్చింది. ఉండు, చూద్దాం" అన్నారు.

నేను తెల్లబోయాను. మా పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఫ్రిజ్ కొన్నా, టీవీ కొన్నా, ఆఖరికి మిక్సీ కొన్నా, కౌంటరు దగ్గర అదనపు వారంటీ తీసుకోమంటే "పాడయ్యే వస్తువైతే మాకెందుకమ్ముతున్నారండీ?" అని నవ్వేసి వచ్చే మనిషి ఈయన. అలాంటిది, పదేళ్ల ముసలి ట్రక్కుకి, మూడేళ్లకో 36,000 మైళ్లకో (ఏది ముందైతే అది) 3,480 డాలర్లు! పైగా ఒక్కసారిగా కట్టక్కర్లేదట. నెలకి 145 చొప్పున రెండేళ్లు కడితే సరిపోతుందట. ఆ "సరిపోతుందట" అన్నప్పుడు ఆయన గొంతులో ఏదో ఉంది. నేనప్పుడు పట్టించుకోలేదు.

ముందు ట్రక్కు సంగతి చెప్పాలి. మేముండేది డాలస్‌కి ఉత్తరాన. 2017లో కాస్త పెరడున్న ఇంట్లోకి మారినప్పుడు, మట్టీ ఎరువూ మోయడానికని ఈ పికప్ ట్రక్కు కొన్నారు. అప్పటికే అది 2014 మోడలు, 41,000 మైళ్లు తిరిగింది. ఇప్పుడు లక్షా పద్దెనిమిది వేలు, అంటే మన లెక్కలో దాదాపు లక్షా తొంభై వేల కిలోమీటర్లు. ముందు నలుగురు కూర్చోవచ్చు, వెనక పెద్ద తొట్టి. కొన్న నెల తిరక్కుండానే మాకు తెలిసిన సత్యం ఏమిటంటే, ట్రక్కు ఉన్నవాడికి బంధువులు ఎక్కువ. ఎవరు ఇల్లు మారినా మావారే. తెలుగు సంఘం వాళ్ల స్టేజీ సామాను మావారే. వినాయకచవితికి గణపతి ఊరేగేది మా తొట్టిలోనే. ఒకసారి ఒకాయన ఫోను చేసి "ట్రక్కు ఖాళీగా ఉందా?" అని అడిగి, మావారు ఊళ్లో లేరంటే "పోనీ తాళాలు ఇవ్వగలరా?" అన్నాడు!

2019లో మా అమ్మ గుడివాడ నుంచి వచ్చినప్పుడు దాన్ని చూసి "ఇదేమిటే, లారీ కొన్నారూ?" అంది. ఎక్కనని మొరాయించింది. చివరికి నేను వంటింట్లోంచి పీట తెచ్చి వేస్తే, దాని మీద కాలు పెట్టి, నన్నూ అల్లుడినీ పట్టుకుని ఎక్కింది. ఎక్కాక మాత్రం దిగనంది. ఎత్తు మీద కూర్చుంటే చేలు కనిపిస్తాయట, ఎడ్లబండిలో వెళ్తున్నట్టుందట. తాను తెచ్చిన అరిసెల డబ్బా కూడా ఒడిలోనే పెట్టుకుని తిరిగింది. అరిసెలు అయిపోయాక ఆ స్టీలు డబ్బా ఏమైందో, ఐదేళ్లు నేను వెతుకుతూనే ఉన్నాను.

సరే, ఉత్తరం వచ్చిన వారానికి ఒప్పందం పుస్తకం వచ్చింది. ఇరవై నాలుగు పేజీలు, చీమల బారులాంటి అక్షరాలు.

"నువ్వు ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నదానివి, నవలలు రాసేదానివి. ఇది చదివి పెట్టు" అన్నారు మావారు. ఇంజనీర్ల సంగతి మీకు తెలిసిందేగా, యంత్రం విప్పమంటే విప్పుతారు గానీ వాక్యం విప్పమంటే పారిపోతారు.

నేను నిజంగానే పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఆ రచయిత ఎవరో గానీ నాకంటే ఘటికుడు. మొదటి రెండు పేజీల్లో వరాలన్నీ ఇచ్చాడు. ఇంజను మాది, గేర్‌బాక్సు మాది, ఏసీ మాది, మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోండి అన్నాడు. మూడో పేజీలో "పాడవడం" అంటే ఏమిటో నిర్వచనం చెప్పాడు. అక్కడే కథ మలుపు తిరిగింది. వాడగా వాడగా అరిగిపోతే అది పాడవడం కాదట! పదేళ్ల బండిలో అరగనిదేముంటుంది, చెప్పండి? అక్కణ్ణించి తొమ్మిది పేజీల్లో, ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాడు. బ్రేకు ప్యాడ్లు కాదు, టైర్లు కాదు, బ్యాటరీ కాదు, బెల్టులూ రబ్బరు గొట్టాలూ కాదు. ఒప్పందానికి ముందునుంచీ ఉన్న జబ్బు ఏదైనా సరే కాదు. కొన్న మొదటి 30 రోజుల్లో, 1,000 మైళ్లలోపు వచ్చిన జబ్బూ కాదు. ఇంజను వేడెక్కిందని దీపం వెలిగినా ఆపకుండా నడిపితే, ఆ తర్వాత జరిగినదేదీ కాదు. అన్నీ దాటి ఒకవేళ అయినా, వెళ్లిన ప్రతిసారీ మొదటి 200 మనమే పెట్టుకోవాలి.

వీటన్నిటికీ తోడు, ఆయిలు వేళకి మార్చినట్టు రసీదులు చూపించాలి. మావారు ఆయిలు ఇంట్లోనే మారుస్తారు. ఆయిలు డబ్బాలు కొన్న రసీదులు ఉన్నాయి, నిజమే. కానీ వాటి వెనక నేను పచారీ సామాను చిట్టాలు రాసుకున్నాను. "కందిపప్పు, ఇంగువ, బెల్లం" అని ఉన్న రసీదుని ఆ కంపెనీ వాళ్లు ఏ దృష్టితో చూస్తారో ఊహించుకోండి.

ఇంకో సంగతి. దీన్ని మనమంతా వారంటీ అంటాం గానీ, చట్టం దృష్టిలో ఇది వారంటీయే కాదు. వస్తువు ధరలో కలిసి వచ్చేదే వారంటీ. విడిగా డబ్బు కట్టి కొనుక్కునేది సర్వీస్ కాంట్రాక్టు. ఈ తేడా చెప్పే చట్టం 1975 జనవరిలో వచ్చింది. ఇచ్చే హామీ ఏదైనా సామాన్యులకి అర్థమయ్యే మాటల్లో రాయాలనీ, మా కంపెనీ సామానే వాడాలి, మా షాపులోనే బాగు చేయించాలి, లేకపోతే వారంటీ చెల్లదు అనకూడదనీ అందులో ఉంది. కార్ల యజమానులకి ఇంత పనికొచ్చే చట్టం మీద సంతకం పెట్టిన అధ్యక్షుడి పేరు ఫోర్డ్! నేనైతే నవలలో ఇలా రాయను, నమ్మరు.

మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, టెక్సాస్‌లో ఇలాంటి కాంట్రాక్టులు ఇచ్చేవాళ్లు లైసెన్సుల శాఖ దగ్గర నమోదు కావాలనీ, వీళ్ల పేరు అక్కడ ఉందనీ చూసి చెప్పింది. అంటే దొంగలు కారు. అది విని నాకు కాస్త నిరాశ కలిగిన మాట వాస్తవం. దొంగలైతే నిర్ణయం తేలికయ్యేది కదా!

అప్పుడు నా జమాఖర్చుల పుస్తకం తీశాను. ఈ ఏడేళ్లలో ట్రక్కుకి పెట్టిన ఖర్చంతా అందులో ఉంది. టైర్లూ, బ్రేకులూ, బ్యాటరీలూ తీసేస్తే, ఈ ఒప్పందం కిందికి వచ్చేవి మూడే మూడు. ఆల్టర్నేటరు 610, వాటర్ పంపు 740, ఎడమ కిటికీ మోటారు 280. మొత్తం 1,630. మూడుసార్లకి మన వాటా 600 పోతే వాళ్లిచ్చేది 1,030. ఏడేళ్లకి వెయ్యి డాలర్ల పని, మూడేళ్లకి మూడున్నర వేలు పెట్టి కొనడమా?

"అప్పుడది పడుచుది. ఇప్పుడు ముసలిదైంది. పాత లెక్క పనికి రాదు" అన్నారు మావారు. అందులో న్యాయం ఉందని ఒప్పుకున్నాను. "గేర్‌బాక్సు పోతే నాలుగైదు వేలు. ఎక్కణ్ణించి తెస్తాం?"

మళ్లీ ఆ గొంతే. ఈసారి పట్టించుకున్నాను. ఆ ఏడాది ఫిబ్రవరిలో, పద్దెనిమిదేళ్లు చేసిన ఉద్యోగం నుంచి ఆయన్ని తీసేశారు. పొద్దున తొమ్మిదింటికి మీటింగన్నారు, తొమ్మిదింబావుకి అయిపోయింది. మే నెలలో కాంట్రాక్టు పని దొరికింది గానీ జీతం మూడో వంతు తగ్గింది. మేము దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. మా ఇద్దరికీ అలవాటు లేని విషయం అది.

శనివారం ట్రక్కు తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాను, నేనొక్కదాన్నే. ఆయన మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన. ఇద్దరికీ రెండో భాషైన ఇంగ్లీషులో, ఇద్దరం నిదానంగా మాట్లాడుకుంటాం. ఒప్పందం కొనమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒక సంగతి మాత్రం చెప్పాడు. గేర్‌బాక్సు పోయిందంటే కంపెనీ వాళ్లు ముందు విప్పి చూపించమంటారట. విప్పడానికయ్యే కూలి మనదే. చూసి సరే అంటే ఇస్తారు, కాదంటే విప్పిన సామానుతో మనం మిగులుతాం. తర్వాత బండి కిందికి దూరి, గేర్‌బాక్సు నూనె కాస్త తీసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు. మా అమ్మ నెయ్యి కాగిందో లేదో చూసినట్టే చూశాడు. మాడు వాసన లేదు, రంగు మాత్రం మారింది, నూనె మారిస్తే మంచిది, 280 అవుతుంది అన్నాడు.

లేస్తూ లేస్తూ, "వెనక స్ప్రింగులు వంగాయి. వారం వారం బాగా బరువులు మోస్తున్నట్టున్నారే?" అన్నాడు.

"తెలుగు సంఘం" అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ తల ఊపాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పంతొమ్మిదో పేజీకి వచ్చాను. పైకే చదివి, తెలుగులో చెప్పాను. బండిని అద్దెకి తిప్పినా, డబ్బు పుచ్చుకుని సరుకు చేరవేసినా ఈ ఒప్పందం చెల్లదు, కట్టిన తర్వాత తెలిసినా సరే, ఏమీ ఇవ్వరు. "ఇదొక్కటే మనకి అడ్డం కానిది. మీరు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోరుగా!" అని నవ్వాను.

ఆయన పెరుగన్నం కలుపుతున్నారు. చెయ్యి ఆగింది. మా అమ్మాయి ఆయన్ని చూసి, నన్ను చూసి, కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. దానికి ముందే తెలుసేమో!

కాసేపటికి ఆయన చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్లి, ట్రక్కు సీటు వెనక నుంచి ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. మా అమ్మ అరిసెల డబ్బా! అందులో రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట, ఒక చిన్న పాకెట్ పుస్తకం. 1,540 డాలర్లు. ఇరవై రెండు ట్రిప్పులు, ట్రిప్పుకి 70. పుస్తకంలో తేదీలు, ఎక్కణ్ణించి ఎక్కడికో, ఏం సామానో, ఆయన గుండ్రటి అక్షరాల్లో. మార్చి నుంచి మొదలు. ఒక చోట "సోఫా, డబల్ కాట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు" అని ఉంది. జూన్ నెల. జూన్‌లో నడుం పట్టేసిందంటే, పెరట్లో గునపం పట్టినందుకనుకుని నాలుగు రోజులు అమృతాంజనం రాసింది నేనే.

నాకు కోపం వచ్చింది. మీరు మనుషుల మనసులు భలే చదువుతారండీ అని పాఠకులు ఉత్తరాలు రాస్తుంటారు నాకు. ఐదు నెలలుగా నా ఇంటి మనిషి శనివారం పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నాడో నాకు తెలియదు! ఎవరో స్నేహితుడు ఇల్లు మారుతున్నాడంటే, పాపం ఇంతమంది మారుతున్నారేమిటో అనుకున్నాను, అంతే.

"చెప్పొచ్చుగా?"

"చెబితే వద్దంటావు. లేదా నలుగురికీ తెలుస్తుందని బాధపడతావు."

మొదటిది తప్పు. రెండోది తప్పని అనలేకపోయాను. ఆయన మనవాళ్లెవరూ లేని పేటలే ఏరుకుని వెళ్లారని ఆ పుస్తకం చూస్తేనే తెలుస్తోంది. తమాషా ఏమిటంటే, ఆ ఐదు నెలల్లోనూ మనవాళ్ల సామాను మాత్రం ఎప్పటిలాగే ఊరికే మోశారు!

"మరి ఈ వారంటీ ఎందుకు?"

"బండి ఆగితే ఈ నాలుగు డబ్బులూ ఆగుతాయి. ఆ కట్టేదేదో ఇందులోంచే కడదామని దాచాను" అని డబ్బా వైపు చూపించారు. కాస్త ఆగి, "ఈ ఏడాది ఇంకేదీ పాడవకూడదోయ్, అంతే" అన్నారు.

నేను ఆ పుస్తకం పంతొమ్మిదో పేజీ దగ్గర మూసేశాను. ఏ పని కోసం బండికి పూచీ కావాలనుకున్నారో, సరిగ్గా ఆ పని చేస్తే పూచీ లేదని రాసి ఉంటే ఇంక చదవడానికేముంది?

కానీ ఆ పేజీ నాకు ఇంకో భయం పట్టించింది. సోమవారం మా ఇన్సూరెన్సు ఏజెంటుకి ఫోను చేశాను. అనుకున్నంతా అయింది. ఇంటి వాడకానికని తీసుకున్న మామూలు కారు ఇన్సూరెన్సు కూడా, కిరాయికి సరుకు మోస్తున్నప్పుడు ప్రమాదం జరిగితే సాధారణంగా వర్తించదట. అంటే ఇరవై రెండు శనివారాలు ఈ మనిషి దేవుడి మీద భారం వేసి రోడ్డు మీద తిరిగాడన్నమాట! గేర్‌బాక్సు పోతే నాలుగైదు వేలు. ఆ ప్రమాదమే జరిగుంటే ఇల్లు. మావారికి ఈ మాట చెప్పినప్పుడు ముఖం పాలిపోయింది. ఆ ముందు శనివారమే, వర్షంలో, తొట్టి నిండా ఎవరిదో గాజు బీరువాతో హైవే మీద వచ్చారట.

వ్యాపారానికి వాడుతున్నట్టు రాయించుకుంటే నెలకి 41 ఎక్కువవుతుందన్నారు. రాయించాం. ఒప్పందానికి కడదామనుకున్న 145లో అది పోను 104 మిగిలింది. దాన్ని నెలనెలా అరిసెల డబ్బాలో వేయాలని తీర్మానించాం. మా అమ్మమ్మ పోపుల డబ్బాలో దాచేది, మేము అరిసెల డబ్బాలో, అంతే తేడా. ముందున్న డబ్బులోంచి 280 పెట్టి గేర్‌బాక్సు నూనె మార్పించాం. స్ప్రింగుల పని తర్వాత చూద్దామన్నాడు మెకానిక్.

అక్టోబరులో ఒక శనివారం బండి స్టార్టవనంది. స్టార్టరు మోటారు. 455 డాలర్లు. ఒప్పందం ఉంటే 255 వచ్చేదిగా అని మావారు నసిగారు. పంతొమ్మిదో పేజీ గుర్తు చేశాను. డబ్బాలోంచి తీసి లెక్కపెట్టి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు చెయ్యి బరువెక్కిన మాట నిజమే. గేర్‌బాక్సు మాత్రం ఇది రాస్తున్నదాకా మమ్మల్ని ఏమీ అనలేదు.

ఇంకో ఏర్పాటు కూడా చేసుకున్నాం. మూడో అంతస్తులకి ఆయన ఒక్కరూ వెళ్లకూడదు. అంచేత శనివారాలు రెండో మనిషిని నేను. మంచాలూ సోఫాలూ ఎత్తలేను గానీ కుర్చీలు, దీపపు స్తంభాలు, అద్దాలు నా వంతు. మధ్యలో థర్మాస్‌లో కాఫీ. నవంబరులో ఒకరోజు ఎవరిదో ఎపార్ట్‌మెంటు ముందు తొట్టిలోంచి రెండు కుర్చీలు దించుతుంటే, "ఏం వదినా, ఇల్లు మారుతున్నారా?" అని గొంతు వినిపించింది. తెలుగు సంఘంలో నా కథల మీద ప్రసంగం చేసినావిడే! నా చేతిలో కుర్చీలు, నెత్తిన చున్నీ పాగా.

మావారు ట్రక్కు అవతలి వైపు నిలబడిపోయారు. ఆయన కాళ్లు మాత్రం నాకు కనిపిస్తున్నాయి.

"లేదు వదినా, వేరేవాళ్లని మారుస్తున్నాం. శనివారాలు ఇదే పని. ట్రిప్పుకి 70" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "మీకైతే 60" అన్నాను.

ఆవిడ నవ్వాలో వద్దో తెలియక కాసేపు నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి, ఒక కుర్చీ పట్టుకుని, "మా పాత డైనింగ్ టేబులు ఒకటుంది వదినా, వచ్చే వారం ఖాళీయేనా?" అంది.